పైథాన్ సీఎస్‌వీ మాడ్యూల్: ఒక మిర్చి సీజన్ వాడి చూశాక

ముప్పై ఎనిమిది బస్తాల తేజ మిర్చికి 212 రూపాయల 80 పైసలు. నా ప్రోగ్రామ్ వేసిన మొట్టమొదటి తక్‌పట్టీ అది. నల్లబెల్లి దిక్కు నుంచి వచ్చిన ముసలాయన కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదువుకున్నాడు. "బిడ్డా, నేను పెట్టింది మిరప తోటనా, మెంతికూర మడా?" అని అడిగాడు. హమాలీలు పడీ పడీ నవ్వారు. సేటు మాత్రం నవ్వలేదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో పదహారేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చదివింది బీకాం, అదీ దూరవిద్యలో. కంప్యూటర్ అంటే మొన్నమొన్నటి దాకా నాకు అకౌంట్ల సాఫ్ట్‌వేర్, స్ప్రెడ్‌షీట్ అంతే. తక్‌పట్టీ అంటే తెలియనివాళ్లకు ఒక మాట: రైతు సరుకు అమ్ముడుపోయాక తూకం ఎంత, ధర ఎంత, ఖర్చులు ఎంత, చేతికొచ్చేది ఎంత అని రాసిచ్చే చీటీ. సీజన్‌లో మా ఒక్క దుకాణంలోనే రోజుకు వంద దాటిన రోజులుంటాయి. చేత్తో రాస్తే రాత్రి తొమ్మిదైనా తెగదు. మేడారం జాతర సెలవుల్లో మా చెల్లె బిడ్డ ఇంటికొచ్చి నా అవస్థ చూసింది. బీటెక్ చదువుతున్న పిల్ల. "పెద్దమ్మా, పైథాన్ నేర్చుకో, పది లైన్లల్ల అయిపోతది" అంది. పది లైన్లు కాలేదు, 74 అయ్యాయి. దాని సంగతే ఇది.

పైథాన్ అంటే కంప్యూటర్‌కు పనులు చెప్పే ఒక భాష. అది వేసుకుంటే దానితోపాటే వచ్చే సీఎస్‌వీ మాడ్యూల్ అనే పనిముట్టు గురించి చెప్పబోతున్నాను. విడిగా దించుకోవాల్సిన పని లేదు, పైసా ఖర్చు లేదు. కామాతోనో ఇంకో గుర్తుతోనో విడదీసి రాసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లను చదవడం, రాయడం, దాని పని అంతే. ఒక సీజన్ మొత్తం, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా, రోజూ వాడాను. ఇంజనీర్ల కోసం కాదు, నాలాగా దుకాణాల్లో కూర్చుని లెక్కలు చూసేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు మా దగ్గరికి ఫైళ్లు ఎట్లా వస్తాయో చెప్పాలి. కాంటా దగ్గరున్న కంప్యూటర్ ఇచ్చే ఫైలులో తేదీ, టైము, చిట్టీ నెంబరు, బస్తాలు, తూకం, చివర సరుకు ఎట్లుందో ఒక మాట ఉంటాయి. వాటి మధ్య కామా ఉండదు, నిలువు గీత | ఉంటుంది. వేలం పాట అయిపోయాక ధరల జాబితాను సేటు కొడుకు స్ప్రెడ్‌షీట్‌లో కొట్టి సీఎస్‌వీగా దాచి పంపిస్తాడు. అందులో కామాలు. ఈ రెంటినీ చిట్టీ నెంబరుతో జోడించి తక్‌పట్టీలు వేయాలి. ఆ తర్వాత రైతుల ఖాతాల్లో డబ్బు వేయడానికి బ్యాంకు అడిగిన పద్ధతిలో ఇంకో ఫైలు తయారు చేయాలి. చదివేవి రెండు, రాసేది ఒకటి. చూడటానికి ఇంతే.

మొదటిరోజు నేను ఈ మాడ్యూల్ వాడనే లేదు. ఇంటర్నెట్‌లో చూసి స్ప్లిట్ అనే దానితో, కామా కనిపించిన చోటల్లా లైనును ముక్కలు చేశాను. కోట్ గుర్తులు (") అడ్డం వస్తున్నాయని ముందే తీసిపారేశాను కూడా. ధరల ఫైలులో సేటు కొడుకు 14,500 అని మనందరం రాసుకునేట్టే కామా పెట్టి రాశాడు. స్ప్రెడ్‌షీట్ దాన్ని జాగ్రత్తగా కోట్ల మధ్య పెట్టి ఇచ్చింది, ఈ కామా విడదీసే కామా కాదు అని చెప్పడానికి. నేను ఆ కోట్లు పీకేసి, కామా దగ్గర కోసేశాను. ధర 14 అయింది, 500 పక్క గడిలోకి పోయింది. 15.20 క్వింటాళ్లను 14తో గుణిస్తే 212.80. లెక్క తప్పలేదు, కోత తప్పింది. అసలు రావాల్సింది 2,20,400.

చెల్లె బిడ్డకు ఫోన్ చేస్తే, "స్ప్లిట్ కొట్టినవా పెద్దమ్మా?" అని ఆ ఒక్క ముక్కే అడిగింది. దొంగను పట్టుకున్నట్టు.

సీఎస్‌వీ మాడ్యూల్‌లో రీడర్ అనేది ఉంటుంది. ఆ ఫైలునే దానికిస్తే "14,500" ఒకే గడిలో, ముక్కలు కాకుండా, కోట్లు లేకుండా చేతికి వచ్చింది. గడిలో కోట్ గుర్తే ఉండాల్సి వస్తే దాన్ని రెండుసార్లు రాస్తారు, అదీ దానికి తెలుసు. గడి మధ్యలో లైను మారినా, అది కోట్ల మధ్య ఉంటే ఒకే గడి అని తెలుసు. ఈ నియమాలన్నీ ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రంలో 2005లో రాసిపెట్టారట. తమాషా ఏమిటంటే ఈ మాడ్యూల్ అంతకు రెండేళ్ల ముందే, 2003లో పైథాన్ 2.3తో వచ్చేసింది. రాతకోతలు తర్వాత, వాడుక ముందు. మా మార్కెట్‌లో తరుగు, వాసి లెక్కలు కూడా ఇట్లాంటివే, ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ అందరికీ తెలుసు.

ఈ మాడ్యూల్ గురించి నాకు బాగా నచ్చిన మాట చెప్తాను. ఇది దేన్నీ సంఖ్య అనుకోదు. ఏది చదివినా అక్షరాలుగానే, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తుంది. మొదట చిరాకు వేసింది. ధరను మనమే కామా తీసేసి సంఖ్యగా మార్చుకోవాలి, తూకాన్ని మార్చుకోవాలి, లేకపోతే గుణకారం కాదు. రెండో వారంలో బ్యాంకు ఫైలు పని మొదలయ్యాక తెలిసింది అదెంత మంచిదో.

రైతుల ఖాతా నెంబర్లలో కొన్ని సున్నాతో మొదలవుతాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఫైలు తెరిస్తే ముందు సున్నాలు ఎగిరిపోతాయి. పన్నెండంకెల నెంబరు కనిపించగానే దాన్ని కుదించి మధ్యలో ఇంగ్లీషు ఈ అక్షరం పెట్టి చూపిస్తుంది, మనం అది గమనించకుండా సీఎస్‌వీగా దాచేస్తే ఆ కుదించిన ముక్కే ఫైలులో మిగులుతుంది. 15 అంకెలు దాటిన నెంబరైతే చివరి అంకెలు సున్నాలైపోతాయి, మళ్లీ తిరిగి రావు. లాట్ నెంబరు 5-12 అని ఉంటే డిసెంబర్ 5 చేసి పెడుతుంది. నాకు ఇవన్నీ జరిగాయి, రెండేళ్ల కిందట ముగ్గురు రైతుల డబ్బు వెనక్కి తిరిగొచ్చి, వాళ్లు మూడుసార్లు చార్జీలు పెట్టుకుని మార్కెట్‌కు తిరిగారు. సీఎస్‌వీ మాడ్యూల్ ఆ నెంబరును ముట్టుకోదు. సున్నా ఉంటే సున్నా. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ పదకొండు అక్షరాలే ఉండాలి, ఐదోది ఎప్పుడూ సున్నా ఉండాలి. ఈ రెండూ ప్రోగ్రామ్‌లోనే సరిచూసే లైన్లు రాసుకున్నాను. సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టినవి మొదటి రోజే నాలుగు దొరికాయి.

పైథాన్‌లో దశాంశాల లెక్కకు ఫ్లోట్, డెసిమల్ అని రెండు పద్ధతులున్నాయి. డబ్బు లెక్కకు ఫ్లోట్ వద్దు, డెసిమల్ వాడు అని చెల్లె బిడ్డ మొదట్లోనే చెప్పింది. పైసల దగ్గర తేడా రాకుండా ఉండటానికి. డెసిమల్‌కు అక్షరాలే ఇవ్వాలి, సీఎస్‌వీ ఇచ్చేది అక్షరాలే. రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్టు కుదిరాయి.

ఇక్కడో చిన్న ముచ్చట. మా సేటు వాళ్ల నాన్నను పెద్దసేటు అంటాం, ఎనభై దాటాయి. ఆయన ఇప్పటికీ తన చిన్న పుస్తకంలో తెలుగు అంకెలే వేస్తాడు. ఒకరోజు ఆయన చెప్పిన బస్తాల లెక్కను సరదాగా ౩౮ అని అట్లనే కొట్టాను, ఎర్రర్ వస్తే చూద్దామని. పైథాన్ ఎగాదిగా చూడకుండా 38గా తీసుకుంది. తెలుగు అంకెలు కూడా అంకెలేనని దానికి తెలుసు. పెద్దసేటుకు చూపిస్తే, "మరి? అంకెలు గావా అవి?" అన్నాడు. ఆశ్చర్యపోయింది నేనొక్కదాన్నే.

ఇప్పుడు ఏడ్పించిన వాటి సంగతి. మూడు ఉన్నాయి, మూడూ దాదాపు మాడ్యూల్ తప్పులు కావు, కానీ అది ముందే ఒక మాట చెప్పి ఉంటే నాకు నాలుగు రాత్రులు మిగిలేవి.

మొదటిది ఖాళీ లైన్లు. రీడర్‌కు జోడీగా ఫైళ్లు రాసిపెట్టే రైటర్ ఉంటుంది. దానితో నేను రాసిన ఫైలును తెరిస్తే ప్రతి లైను తర్వాత ఒక ఖాళీ లైను. బ్యాంకు వాళ్ల పోర్టల్ దాన్ని తిప్పికొట్టింది. ప్రింట్ తీస్తే ఒక కాగితం పని రెండు కాగితాలు తిన్నది. ఎందుకో అర్థం కావడానికి నాకు మా పాత టైపు ఇన్‌స్టిట్యూట్ ఉపయోగపడింది. ఇంటర్ అయ్యాక హన్మకొండ చౌరస్తా దగ్గర టైపు లోయర్ నేర్చుకున్నదాన్ని. మిషన్ మీద లైను అయిపోతే రెండు పనులు జరగాలి: బండి మొదటికి రావాలి, కాగితం ఒక లైను పైకి జరగాలి. కంప్యూటర్ ఫైల్లో ఈ రెండింటికీ రెండు గుర్తులున్నాయి. సీఎస్‌వీ రైటర్ తన అలవాటు ప్రకారం లైను చివర ఆ రెండు గుర్తులూ తనే పెట్టేస్తుంది. విండోస్‌లో మామూలుగా తెరిచిన ఫైలేమో, కాగితం జరిపే గుర్తు ఎక్కడ కనిపించినా దాని ముందు బండి లాగే గుర్తును తనే ఇంకోటి చేరుస్తుంది. బండిని రెండుసార్లు లాగినట్టు అవుతుంది, చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు లైన్లుగా లెక్క కడుతుంది. విరుగుడు చిన్నదే. ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ అనే చోట ఖాళీ కోట్లు, అంటే లోపల ఏమీ లేని రెండు కోట్ గుర్తులు, ఇవ్వాలి. "నువ్వేం చేర్చకు, అంతా రైటర్ చూసుకుంటుంది" అని విండోస్‌కు చెప్పడం. చదివేటప్పుడు కూడా అట్లనే ఇవ్వాలి. వివరణ పుస్తకంలో ఇది రాసే ఉంది. నేను చదవలేదు, అది వేరే సంగతి. ఎంత మంది చదువుతారు?

ఇదే పనికి పాత వీడియోల్లో ఇంకో చిట్కా చెప్తారు, ఫైలును బైనరీగా, అంటే డబ్ల్యూ పక్కన బీ పెట్టి తెరవమని. అది పైథాన్ 2 కాలం మాట. ఇప్పుడు అట్ల తెరిస్తే బైట్లు కావాలి, అక్షరాలు ఇస్తున్నావేంటని ఎర్రర్ వస్తుంది. ఒక రాత్రి దానికి పోయింది.

రెండోది తెలుగు. బ్యాంకు ఫైలు ఇంగ్లీషులో ఉంటుంది కానీ తక్‌పట్టీలో రైతు పేరు, ఊరు తెలుగులోనే ఉండాలని నా పట్టుదల. చీటీ చదువుకునేది రైతు, ఆడిటర్ కాదు. మొదటిసారి తెలుగు పేరు రాయబోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోయింది. ఎర్రర్‌లో చార్‌మ్యాప్ అని ఏదో ఉంది. మనం ఏ లిపి పద్ధతో చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ ఆ కంప్యూటర్ పాత అలవాటును పట్టుకుంటుంది, ఆ పాత పట్టికలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఎన్‌కోడింగ్, అంటే ఆ లిపి పద్ధతి, యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టేది) అని చెప్తే రాసింది. హమ్మయ్య అనుకుని స్ప్రెడ్‌షీట్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే రాజయ్య లేడు, నల్లబెల్లి లేదు. నెత్తిన గీతలున్న రోమన్ అక్షరాలు, వాటి పక్కన ఎండాకాలం వార్తల్లో ఉష్ణోగ్రతకు పెట్టే డిగ్రీ గుర్తులు. ఏప్రిల్ నెల కాబట్టి సరిపోయింది అనుకున్నాను.

ఫైలు బాగానే ఉంది. తెరిచే సాఫ్ట్‌వేర్‌కు అది యూటీఎఫ్-8 అని తెలియలేదు. ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతానికి మూడేసి బైట్లు పడతాయి, అది ఆ మూడింటినీ మూడు వేరే అక్షరాలుగా చూపిస్తోంది. యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే, ఫైలు మొదట్లో మూడు బైట్ల ఆనవాలు ఒకటి చేరుతుంది, బస్తా మీద దుకాణం మార్కు వేసినట్టు. అది చూసి స్ప్రెడ్‌షీట్ తెలుగును తెలుగుగా చూపిస్తుంది. సంతోషం.

మర్నాడు ఆ ఫైలునే నా ప్రోగ్రామ్‌తో మళ్లీ చదివించబోతే, "చిట్టీ" అనే కాలమ్ లేదంది. కళ్ల ముందు మొదటి గడిలో చిట్టీ అని ఉంది. లేదంటుంది. వేరే కాలమ్‌లన్నీ ఉన్నాయట, అదొక్కటే లేదట. గంటన్నర స్పెల్లింగ్ చూశాను, ట కింద చ వత్తు పడిందా, దీర్ఘం పోయిందా అని. చివరికి తెలిసింది, నిన్న నేను వేయించిన ఆ మార్కు కంటికి కనిపించకుండా మొదటి కాలమ్ పేరుకు అతుక్కుని ఉంది. చదివేటప్పుడు కూడా యూటీఎఫ్-8-సిగ్ అనే ఇవ్వాలి. మార్కు ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. అందుకే ఇప్పుడు నేను చదివినా రాసినా అదే వాడుతున్నాను. బ్యాంకు ఫైలుకు మాత్రం వట్టి యూటీఎఫ్-8, వాళ్లకు ఆ మార్కు నచ్చదు.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేర్ల జాబితా ఒకటి మా దగ్గర ఉంది. దాన్ని ఏ ఎన్‌కోడింగ్ పెట్టి చదివినా చెత్తే వస్తుంది. అది నిజంగా తెలుగు కాదు, తెలుగు బొమ్మ తగిలించిన ఇంగ్లీషు అక్షరాలు. దానికి ఈ మాడ్యూల్‌ను తిట్టి లాభం లేదు. నాలుగు వందల పేర్లు మళ్లీ కొట్టాను.

మూడోది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అందులో ఎర్రరే రాదు. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం 112 చిట్టీలకు 41 తక్‌పట్టీలే వచ్చాయి. ప్రోగ్రామ్ చప్పుడు లేకుండా ముగిసింది. దడ్వాయి (తూకం వేసే మనిషి) పుస్తకంతో పోల్చుకోకపోతే తెలిసేదే కాదు. వెతికితే 41వ చిట్టీ దగ్గర, సరుకు ఎట్లుందో రాసే గడిలో కాంటా దగ్గరి పిల్లగాడు కోట్ పెట్టి "తడి ఉంది అని రాసి, ముగించే కోట్ మర్చిపోయాడు. గడి మొదట్లో కోట్ కనిపిస్తే రీడర్ ముగింపు కోట్ దొరికేదాకా చదువుకుంటూ పోతుంది. ఇందాక మెచ్చుకున్నానే, గడి మధ్యలో లైను మారినా తెలుస్తుందని, ఆ తెలివే ఇక్కడ కొంప ముంచింది. మిగతా 71 చిట్టీలూ ఆ ఒక్క తడి గడిలో కలిసిపోయాయి. ఫైలు అయిపోయినా అది "కోట్ ముగియలేదు" అని ఒక్క మాట అనలేదు. అనమని మనం చెప్పాలి, స్ట్రిక్ట్ అనేదాన్ని ట్రూ చేస్తే ఫైలు అర్ధాంతరంగా ముగిసిందని ఎర్రర్ ఇస్తుంది. ఇది మొదటి నుంచీ అట్లనే ఉండాల్సిందని నా అభిప్రాయం. కొత్తవాళ్లకు మౌనం కంటే ఎర్రరే నయం.

కోట్ గడి మధ్యలో ఎక్కడో వస్తే ఇబ్బంది లేదు, మామూలు అక్షరంగా వదిలేస్తుంది. గడి మొదట్లో వచ్చిందే ముంచుతుంది.

ఇక డిక్ట్‌రీడర్. నాకైతే మాడ్యూల్ మొత్తంలో ఇదే ప్రాణం. వట్టి రీడర్ గడులను వరుసగా ఇస్తుంది, మూడోది తూకం, నాలుగోది ధర అని మనం గుర్తుపెట్టుకోవాలి. సేటు కొడుకు ఒకరోజు ఉత్సాహంగా మధ్యలో "రకం" అనే కాలమ్ చేర్చాడు, తేజనా, వండర్ హాటా, చపాటనా అని. వరుస లెక్కతో రాసినవాళ్లయితే ఆ రోజు మునిగినట్టే. డిక్ట్‌రీడర్ మొదటి లైనులోని పేర్లు పట్టుకుని గడిని పేరుతో ఇస్తుంది, కాలమ్ ఎటు జరిగినా "ధర" అంటే ధరే. మొదటి లైనులో పేర్లు లేని ఫైలైతే మనమే పేర్లు ఇవ్వొచ్చు. కాంటా ఫైలుకు అట్లనే ఇస్తున్నాను, విడదీసే గుర్తు నిలువు గీత అని చెప్పి.

దానికీ ఒక మౌనం ఉంది. లైనులో గడులు ఎక్కువైతే మిగిలినవాటిని నన్ (పైథాన్‌లో ఏమీ లేదని చెప్పే మాట) అనే పేరు కింద మూటగట్టి పక్కన పెడుతుంది. తక్కువైతే ఆ గడుల్లో నన్ పెడుతుంది. చెప్పదు. ధరల ఫైలును కొన్నిసార్లు నోట్‌ప్యాడ్‌లో చేత్తో సరిచేస్తాం. అప్పుడెవరో కోట్లు లేకుండా తడి, తాలు ఎక్కువ అని కామా పెడితే ఒక గడి ఎక్కువవుతుంది. అందుకే ప్రతి లైనుకు ఆ నన్ మూట ఉందా అని చూసి, ఉంటే లైను నెంబరు చూపించి ఆగేలా రాసుకున్నాను. డిక్ట్‌రైటర్ మాత్రం దీనికి తలకిందులు. మనం చెప్పని కాలమ్ ఒకటి ఎక్కువ ఇస్తే వెంటనే కేకలేస్తుంది. రాసేటప్పుడు ఇంత కచ్చితంగా ఉండేది చదివేటప్పుడు ఎందుకు అట్ల మెతకగా ఉందో నాకర్థం కాలేదు.

బ్యాంకు వాళ్లకు కోట్లు అసలే ఉండకూడదు. రైటర్‌కు కోట్లు వద్దని చెప్పే పద్ధతి ఉంది, క్వోట్ నన్. అప్పుడు పేరులో కామా ఉంటే దాన్ని ఎట్ల రాయాలో తెలియక ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇది మంచి ఎర్రర్. పేర్లలో కామాలు తీసేసే లైను ఒకటి ముందే పెట్టుకున్నాను.

స్నిఫర్ అని ఒకటుంది, ఫైలులో కొంత భాగం వాసన చూసి విడదీసే గుర్తేదో కనిపెడుతుందట. కాంటా ఫైలు ఇస్తే నిలువు గీతను వదిలేసి 11:05 అనే టైములోని చుక్కల గుర్తును పట్టుకుంది. గంటలూ నిమిషాలూ వేరువేరు కాలమ్‌లైపోయాయి. దానికి ముందే ఇష్టమైన గుర్తుల జాబితా ఒకటుంది, రెండు గుర్తులు సమానంగా కనిపిస్తే ఆ జాబితాలో ఉన్నదాన్నే ఎంచుకుంటుంది. చుక్కలు ఆ జాబితాలో ఉన్నాయి, నిలువు గీత లేదు. మన ఫైలు ఏదో మనకు తెలిసినప్పుడు దీని జోలికి పోవద్దు. ఇంకోటి, విడదీసే గుర్తు ఒక్క అక్షరమే ఉండాలి. రెండు నిలువు గీతలు పక్కపక్కన పెట్టే ఫైళ్లను ఇది చదవలేదు.

చెల్లె బిడ్డ మొదటి నుంచీ పాండాస్ అనే ఇంకో పైథాన్ పనిముట్టు వాడమని పోరుతోంది. వేసి చూశాను. విడిగా దించుకోవాలి, మా దుకాణం పాత కంప్యూటర్‌లో తెరుచుకోవడానికే కాసేపు ఆలోచిస్తుంది. నెలకెంత, రకానికెంత అని కూడికలు తీయడానికి అద్భుతం, అందులో మాట లేదు. కానీ దానికీ స్ప్రెడ్‌షీట్ బుద్ధే: ఖాతా నెంబరును సంఖ్య అనుకుని సున్నాలు తీసేస్తుంది, అన్నీ అక్షరాలుగానే చదవమని డీటైప్‌లో చెప్తే కానీ వినదు. చెప్పినా ఇంకో తమాషా చేసింది. రైతులు బస్తాల మీద పేరులోని పొడి అక్షరాలు మార్కు వేస్తారు కదా, ఒక రైతు మార్కు ఇంగ్లీషు ఎన్, ఏ. పాండాస్‌కు ఆ రెండక్షరాలు పక్కపక్కన కనిపిస్తే "వివరం లేదు" అని అర్థం. ఆయన లాట్ మార్కు ఖాళీ అయిపోయింది. దాన్ని ఆపే మార్గం కూడా ఉంది, కానీ మనిషి పేరును ఖాళీ అనుకునేదాన్ని డబ్బు చేతులు మారే చోట పెట్టడానికి నా మనసొప్పలేదు. సీజన్ చివరి లెక్కలకు పాండాస్, రోజువారీ చీటీలకు సీఎస్‌వీ. అట్ల సర్దుకున్నాం.

వేగం గురించి అడుగుతారేమో. సీజన్ మొత్తం చిట్టీలు ఒకే ఫైలులో పెట్టి చదివిస్తే చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకునేలోపు అయిపోయింది. మాకు అంతకంటే అక్కర్లేదు.

ఐదు చుక్కలకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక చుక్క ఆ తడి గడిలో మునిగిన 71 చిట్టీలకు. వివరణ అంతా ఇంగ్లీషులోనే ఉండటం ఇబ్బందే, కానీ అందుకు చుక్క తగ్గించడం న్యాయం కాదు.

నల్లబెల్లి ముసలాయన మే నెలలో రెండో కోత కాయ తెచ్చాడు. చీటీ ఇస్తే ముందు కింద ఉన్న మొత్తం చూసుకుని, తర్వాత నా మొహం చూసి, "ఈసారి మిరపతోటే" అన్నాడు.

పక్క దుకాణం గుమాస్తా తమ్ముడు ఇదంతా చూసి నాకూ కావాలక్కా అన్నాడు. పెన్‌డ్రైవ్ లేదంటే నా స్క్రీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని పోయి, రాత్రంతా కూర్చుని తన కంప్యూటర్‌లో కొట్టుకున్నాడు. పొద్దున్నే ఫోన్. "అక్కా, అంతా మంచిగనే వస్తుంది గానీ, లైనుకూ లైనుకూ మధ్యల ఒక ఖాళీ లైను వస్తుంది."

"న్యూలైన్ దగ్గర కోట్లు పెట్టినవా?"

"లేదక్కా. చూసిన, అండ్ల ఏం లేదు కదా, ఖాళీనే ఉన్నది కదా అని తీసేసిన."